డబ్బా నిండుగానే ఉంది, బండి మాత్రం మొగిలి ఘాట్‌లో హీటెక్కింది

పలమనేరు_పిల్లోడు · శనివారం రాత్రి 10:48

అందరికీ నమస్తే. ఉండేది బెంగళూరు కేఆర్ పురం, ఆఫీసు వైట్‌ఫీల్డ్. బండి 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు చెప్పను. చెప్తే అసలు విషయం వదిలేసి అభిమానుల యుద్ధం మొదలవుతుంది.

పోయిన ఆదివారం తిరుపతి నుంచి తిరిగొస్తా ఉన్నాం. నేను, ఇంటావిడ, అమ్మ, ఇద్దరు పిల్లలు, డిక్కీ నిండా సామాన్లు, ఏసీ ఫుల్లు. చిత్తూరు, బంగారుపాళెం దాటేదాకా ఏ గొడవా లేదు. మొగిలి ఘాట్‌లో సిమెంటు లారీ వెనక సెకండ్ గేర్లో ఇరుక్కున్నాం. సగం ఎక్కామో లేదో ఏసీలోంచి వేడి గాలి మొదలైంది. ఎప్పుడూ మధ్యలో ఉండే టెంపరేచర్ ముల్లు ముప్పావు దాటి ఉంది. పక్కకు తీసి, ఆపి, బానెట్ ఎత్తి చూస్తే రేడియేటర్ పక్క ప్లాస్టిక్ డబ్బాలో కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) మాక్స్ గీతకి పైనే ఉంది! తక్కువుంటే పోసుకుంటాం, ఎక్కువుంటే ఏం చేస్తాం? ముప్పావు గంట చెట్టు కింద కూర్చుని, ఏసీ ఆపేసి, మెల్లగా ఇల్లు చేరాం.

మర్నాడు గ్యారేజీలో చూపిస్తే ఆయన ఐదు నిమిషాల్లో తేల్చేశాడు. హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ, దాని పైన ఉండే హెడ్‌కీ మధ్య సీలు) పోయిందంట, హెడ్ దించాలంట, 38 వేలంట. రెండో గ్యారేజీ ఆయన థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని కవాటం) పీకేస్తే సరిపోతుంది, 500 ఇవ్వండి అన్నాడు. 38 వేలకీ 500కీ మధ్య నేను ఊగులాడతా ఉన్నా. ఎవురి మాట వినాల?

సిల్క్‌బోర్డ్_బాధితుడు · శనివారం రాత్రి 11:05

థర్మోస్టాట్ మాత్రం పీకించొద్దు బ్రో. మూడేళ్ళ కింద నేను పీకించుకుని ఏడ్చాను. డిసెంబర్ పొద్దున్న ఔటర్ రింగ్ రోడ్డు మీద నా ఇంజన్ ఎంతకీ వేడెక్కేది కాదు. ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది కదా, లీటరుకి 16 వచ్చేది 12కి పడింది. మళ్ళీ కొత్తది వేయించేదాకా తిప్పలే.

అంబాసిడర్_తాతయ్య · ఆదివారం ఉదయం 5:52

నాయనా, ఈ కూలెంటు, గీలెంటు అంతా ఈ కాలపు వేషాలు. పాత 1489 సీసీ అంబాసిడర్ ఇరవై రెండేళ్ళు నడిపాను. మల్లేశ్వరంలో కొళాయి నీళ్ళు పట్టడం, రేడియేటర్లో పోయడం, అంతే. ఘాట్ ఎక్కే ముందు ఒక క్యాను, ఎక్కాక ఒక క్యాను. హెడ్ ఏనాడూ దించలేదు.

జేసీరోడ్డు_బావ · ఆదివారం ఉదయం 8:30

పిల్లోడా, ఒక్క ప్రశ్న. డబ్బా సంగతి సరే, *రేడియేటర్ మూత* తీసి చూసినావా? నీ బండి పాత పద్ధతిది అయితే రేడియేటర్ మీద ఇనుప మూత వేరేగా ఉంటుంది, డబ్బా మూత ఉత్త ప్లాస్టిక్‌ది. పొద్దున్నే, రాత్రంతా ఆగిన బండి మీద, చల్లగా ఉన్నప్పుడు తీసి చూడు. లోపల నీళ్ళు మెడ దాకా ఉండాల. వేడి మీద మాత్రం ముట్టుకోవద్దు. మా షాపులో కుర్రాడికి మోచేతి దాకా తోలు ఊడింది, కళ్ళారా చూసినాను.

ఇరవై ఏళ్ళుగా రేడియేటర్ల పనే నాది. హెడ్ గాస్కెట్ పోయిందని ఐదు నిమిషాల్లో చెప్పేవాడు నాకంటే గొప్పోడన్నా అయ్యుండాల, లేదా...

పలమనేరు_పిల్లోడు · ఆదివారం ఉదయం 9:14

బావా, ఇప్పుడే తీశాను. ఒళ్ళు జలదరించింది. డబ్బా నిండా ఉంది, రేడియేటర్లో వేలు పెడితే తడి తగల్లేదు! టార్చి వేస్తే రెండంగుళాల కింద ఎక్కడో మెరస్తా ఉంది. నెల రోజులుగా డబ్బాలో పోస్తా ఉన్నది నేనే, అందుకే అది మాక్స్ దాటింది. ఇదెట్లా సాధ్యం?

జేసీరోడ్డు_బావ · ఆదివారం ఉదయం 9:40

కొబ్బరి బోండాంలో స్ట్రా వేసి తాగుతావు కదా. స్ట్రాకి పైన చిన్న చిల్లుందనుకో. ఎంత పీల్చినా గాలే వస్తుంది, నీళ్ళు రావు. అంతే ఇది కూడా.

ఇంజన్ వేడెక్కితే కూలెంట్ ఉబ్బుతుంది. మూతలో స్ప్రింగు ఉంటుంది, దాని మీద 0.9 అనో 1.1 అనో రాసుంటుంది, అంటే అన్ని బార్ల ఒత్తిడి దాటితే ఎక్కువైన కూలెంట్‌ను డబ్బాలోకి వదుల్తుంది. చల్లారితే లోపల ఖాళీ ఏర్పడి, మూత మధ్యలో ఉండే చిన్న బిళ్ళ తెరుచుకుని, డబ్బాలోంచి వెనక్కి పీల్చుకుంటుంది. ఈ పోకా రాకా రోజూ జరుగుతా ఉండాల. నీ బండిలో పోతుంది, రావడం లేదు. ఒకటి, ఆ బిళ్ళ ఇరుక్కుపోయుండాల. రెండు, ఇంకెక్కడో చిల్లుంది, ఆ దారిన గాలి వస్తా ఉంది. 500 లోపల కొత్త మూత వస్తుంది. ముందు అది మార్చు, పాత మూత మీద ఎంత అంకె ఉంటే అంతే అంకె ఉన్నది.

మారతహళ్ళి_మేడం · ఆదివారం ఉదయం 10:20

ఏసీలో వేడి గాలి వచ్చిందని భయపడకండి, అది మంచికే. కూలెంట్ బాగా వేడెక్కితే కంప్యూటరే ఏసీ కంప్రెసర్‌ని ఆపేస్తుంది, ఇంజన్ మీద బరువు తగ్గించడానికి. ముల్లు పైకి లేవకముందే అదే మనకు మొదటి కబురు.

డాష్‌బోర్డ్ ముల్లుని పూర్తిగా నమ్మకండి కూడా. చాలా కార్లలో 75 నుంచి 105 దాకా ముల్లు కదలకుండా మధ్యలోనే ఉండేట్టు చేస్తారు, జనం ఊరికే కంగారు పడతారని. కొన్ని చిన్న కార్లలో ముల్లే లేదు, చల్లగా ఉంటే నీలం దీపం, కాగిపోతే ఎర్ర దీపం. నేను స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌లో (కారు కంప్యూటర్ లెక్కలు చదివే చోటు) బ్లూటూత్ డాంగిల్ ఒకటి పెట్టుకున్నాను. ఫోన్‌లో అసలు డిగ్రీలు కనిపిస్తాయి. రేడియేటర్ ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం అదీ అబద్ధమే చెప్తుంది, సెన్సర్ నీళ్ళలో కాకుండా గాలిలో ఉంటే తక్కువ చూపిస్తుంది.

కెమిస్ట్రీ_టీచరమ్మ · ఆదివారం మధ్యాహ్నం 1:15

తాతయ్యగారూ, మీరన్నది అబద్ధం కాదు. మీ అంబాసిడర్‌కి బ్లాకూ, హెడ్డూ పోత ఇనుము, రేడియేటర్ రాగి, ఇత్తడి. మల్లేశ్వరం కొళాయిలో వచ్చింది నది నీరు. ఇప్పటి కార్లలో హెడ్ అల్యూమినియం, రేడియేటర్ అల్యూమినియం, పక్క ట్యాంకులు ప్లాస్టిక్. మన అపార్ట్‌మెంట్లలోకి వచ్చేది ఎక్కడో వెయ్యి అడుగుల బోరు నీళ్ళు, ట్యాంకర్లో. మీ ఇంట్లో గీజర్ కాయిల్ ఎప్పుడైనా బయటికి తీయించి చూశారా? మా హూడీ ఫ్లాట్‌లో రెండేళ్ళకి తీయిస్తే వేలు లావున తెల్లటి పెచ్చు, చెక్కతో కొడితే గుడ్డు పెంకులా విరిగి పడింది. అది కాల్షియం కార్బొనేట్. వేడి ఎక్కడ ఎక్కువో అక్కడే పేరుకుంటుంది. ఇంజన్‌లో అది సిలిండర్ల చుట్టూ ఉండే సందుల్లో. ఆ పెచ్చు వేడిని దాటనివ్వదు.

కూలెంట్‌లో మూడు వస్తువులు ఉంటాయి: ఇథిలీన్ గ్లైకాల్, నీళ్ళు, తుప్పు పట్టకుండా చూసే మందులు. మనకి మంచు భయం లేదు కాబట్టి చాలామంది మొదటిదే వద్దనుకుంటారు. కానీ మనకి కావాల్సింది మరిగే డిగ్రీ. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, ఇక్కడ మామూలు నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయి. సగం గ్లైకాల్ కలిపితే, సముద్ర మట్టం లెక్కలో, 107 అవుతుంది. మూత 15 పీఎస్‌ఐ (దాదాపు ఒక బార్) ఒత్తిడి పట్టి ఉంచితే 129 దాకా పోతుంది. మూత పాడైతే ఆ లాభం అంతా గాలికి పోయినట్టే.

సిల్క్‌బోర్డ్_బాధితుడు · ఆదివారం మధ్యాహ్నం 1:32

అయితే నీళ్ళు కలపకుండా నూటికి నూరు కూలెంట్ పోస్తే ఇంకా మంచిదా?

కెమిస్ట్రీ_టీచరమ్మ · ఆదివారం మధ్యాహ్నం 1:50

అస్సలు కాదు. వేడిని మోయడంలో నీళ్ళని మించింది లేదు. గ్లైకాల్ ఒక్కటే అయితే నీళ్ళు మోసే వేడిలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే మోస్తుంది, పైగా చిక్కగా ఉంటుంది. సీసా మీద రెడీ టు యూజ్ అని ఉంటే అలాగే పోయాలి, కాన్సన్‌ట్రేట్ అని ఉంటే సగం డీమినరలైజ్డ్ వాటర్ (లవణాలు తీసేసిన నీళ్ళు, డీఎం వాటర్) కలపాలి. పెట్రోల్ బంకుల్లో బ్యాటరీ వాటర్ అని అమ్మేది అదే. (బ్యాటరీ *ఆసిడ్* కాదు! అడిగి తెచ్చుకోండి.) ఇంట్లో ఆర్‌ఓ నీళ్ళు పనికిరావా అని ఎవరో అడగబోతున్నారు. రుచి కోసం చాలా మెషిన్లు లవణాలు మళ్ళీ కలుపుతాయి. దారిలో ఆగిపోతే పోసుకోండి, ఫ్లష్ చేసి (లోపలంతా కడిగి) నింపేటప్పుడు వద్దు.

అడయార్_అన్నయ్య · ఆదివారం సాయంత్రం 4:05

మద్రాసు నుంచి ఒక మాట. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఏసీ అవుట్‌డోర్ యూనిట్ దగ్గర బక్కెట్ పెట్టి, ఆ నీళ్ళే రేడియేటర్‌కి వాడతాడు. ఇదేమైనా పనికొచ్చే పనా?

కెమిస్ట్రీ_టీచరమ్మ · ఆదివారం సాయంత్రం 4:30

ఖనిజాలు ఉండవు, అది నిజమే. కాయిల్ మీద దుమ్మూ, బూజూ మొత్తం కడుక్కుని వస్తాయి. లీటరు 30, 40 రూపాయల నీళ్ళ కోసం అంత శ్రమ ఎందుకండీ.

పలమనేరు_పిల్లోడు · బుధవారం రాత్రి 9:20

అప్‌డేట్. కొత్త మూత వేశా, రేడియేటర్ నింపా. రెండు రోజులు బాగానే ఉండింది. ఈ పొద్దు చూస్తే మళ్ళీ ఒక అంగుళం తగ్గింది. కింద నేల మీద ఒక్క చుక్క మరక లేదు. అట్టముక్క పరిచి రాత్రంతా చూశా, పొడిగానే ఉంది. మరి ఎక్కడికి పోతా ఉంది? ఆయిల్ పోసే మూత కింద కాస్త తెల్లటి మీగడలాంటిది కనిపించింది. మళ్ళీ హెడ్ గాస్కెట్ భయం పట్టుకుంది.

మారతహళ్ళి_మేడం · బుధవారం రాత్రి 9:45

ఆఫీసు ఎంత దూరం? కేఆర్ పురం నుంచి వైట్‌ఫీల్డ్ అంటే రోజూ చిన్న చిన్న ప్రయాణాలే కదా. పొద్దుటి చలికి ఇంజన్ లోపలి తేమ మూత కింద చేరి అలా మీగడ కడుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూడండి. ఆయిల్ మామూలు రంగులోనే ఉంటే కంగారు లేదు.

జేసీరోడ్డు_బావ · బుధవారం రాత్రి 10:10

మేడం చెప్పింది రైటు. గాస్కెట్ అనుమానం తీరాలంటే ఇంట్లో చేసే పరీక్ష ఒకటుంది. పొద్దున్నే చల్ల ఇంజన్ స్టార్ట్ చేసి, రేడియేటర్ పై హోస్ పైపు చేత్తో పట్టుకో. నిమిషం లోపలే, ఇంకా వేడి తగలకముందే, రాయిలా బిగుసుకుంటే సిలిండర్ గాలి లోపలికి వస్తా ఉందని అర్థం. మెత్తగా ఉండి, వేడితో పాటు మెల్లగా బిగిస్తే భయం లేదు. ఇంకా గట్టిగా తెలియాలంటే బ్లాక్ టెస్ట్ ఉంది, నీలం మందు గొట్టం రేడియేటర్ మెడ మీద పెడితే, పొగ గాలి ఉంటే పసుపు రంగుకి మారుతుంది.

ఇప్పుడు అసలు పని. ప్రెషర్ టెస్ట్ చేయించు. మూత తీసి ఆ జాగాలో చేతి పంపు పెట్టి, చల్లగా ఉన్నప్పుడే ఒక బార్ గాలి ఎక్కించి పదిహేను నిమిషాలు చూడాల. ముల్లు పడితే లీకుంది. టార్చి పట్టుకుని ఈ చోట్లు చూడు: క్లిప్పుల దగ్గర, వాటర్ పంపు కింద ఉండే చిన్న బొక్క (లోపలి సీల్ అరిగితే చెప్పడానికే పెట్టిన బొక్క అది, దాన్ని మూసేసే మేధావుల్ని చూసినాను), తర్వాత రేడియేటర్ పక్కన నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం జాలీ కలిసే అంచు. కారిన కూలెంట్ వేడి రేడియేటర్ మీదనే ఆవిరైపోతుంది, నేల దాకా రాదు. అది ఎండినాక రంగు పెచ్చు మిగులుతుంది. తడిని వెతకొద్దు, పెచ్చుని వెతుకు.

కెమిస్ట్రీ_టీచరమ్మ · బుధవారం రాత్రి 10:25

ఆ నీలం మందు మా స్కూల్ ల్యాబ్‌లో పిల్లలకి చూపించే బ్రోమోథైమాల్ బ్లూ. స్ట్రాతో ఊపిరి ఊదితే పసుపవుతుంది. బండి ఊపిరీ, మన ఊపిరీ, రెండిట్లోనూ కార్బన్ డయాక్సైడే.

నిర్వాహకుడు · గురువారం ఉదయం 7:00

పైన ఒక పోస్టులో గ్యారేజీ పేరు, ఫోన్ నంబరు ఉంటే తీసేశాను. సమస్య రాయండి, పేర్లు వద్దు.

పలమనేరు_పిల్లోడు · శనివారం మధ్యాహ్నం 2:35

దొరికింది!! హోస్ మెత్తగానే ఉంది, డిప్‌స్టిక్ శుభ్రం, నీలం మందు నీలంగానే ఉంది. జేసీ రోడ్డు సందులో ఒక పెద్దాయన ప్రెషర్ పంపు పెట్టాడు. ఒక బార్ ఎక్కించాక పది నిమిషాల్లో ముల్లు 0.8కి దిగింది. బంపర్ పైన ఉండే ప్లాస్టిక్ కవర్ విప్పి టార్చి వేస్తే కుడి వైపు అంచున, ప్లాస్టిక్ ట్యాంకుని పట్టుకుని ఉండే అల్యూమినియం మడతల మీద, మూడు అంగుళాల పొడవున గులాబీ రంగు పెచ్చు. ఉప్పు చేపకి పట్టే తెల్లటి పూత ఉంటుంది చూడండి, అట్లా, కాకపోతే గులాబీ. గోరుతో గీరితే రాలింది. ఆయన అక్కడ సబ్బు నీళ్ళు రాశాడు. ఆవగింజంత బుడగ ఒకటి లేచి, పగిలి, మళ్ళీ లేచింది. రెండు వారాల నా దిగులంతా ఆ ఆవగింజలోనే ఉండింది.

లోపలి రబ్బరు గాస్కెట్ గట్టిపడి పట్టు పోయిందంట. ఎనిమిదేళ్ళ వేడి కదా. వేడిలో ఒత్తిడికి కూలెంట్ బయటికి, చల్లారినాక అదే దారిన గాలి లోపలికి. బావ చెప్పిన స్ట్రా చిల్లు ఇదే! మడతలు మళ్ళీ నొక్కి సరిచేస్తే 800, కొత్త రేడియేటర్ అయితే 5,600. ఏది మేలు?

జేసీరోడ్డు_బావ · శనివారం మధ్యాహ్నం 3:00

కొత్తదే. గట్టిపడిన రబ్బరుని ఎంత నొక్కినా మళ్ళీ మెత్తబడదు. నా బేరం నేనే పోగొట్టుకుంటున్నా అనుకో.

అంబాసిడర్_తాతయ్య · శనివారం సాయంత్రం 5:10

మా రోజుల్లో రేడియేటర్ చిల్లు పడితే రాగి కాబట్టి సోల్డర్ చేసేసేవాళ్ళు. ప్లాస్టిక్‌కి సోల్డర్ ఎక్కడ. సరే, ఒప్పుకున్నాను. మా అబ్బాయి కారులో ఏ రంగు పోయాలి? సీసాలు పచ్చ, ఎరుపు, నీలం, హోలీ రంగుల్లా ఉన్నాయి.

కెమిస్ట్రీ_టీచరమ్మ · శనివారం సాయంత్రం 6:20

తాతయ్యగారూ, రంగు ఉత్త రంగే. ఏ రంగుకి ఏ మందు అని ఎవరూ ఒప్పందం చేసుకోలేదు. ఒక కంపెనీ పచ్చ పాత సిలికేట్ రకం, ఇంకో కంపెనీ పచ్చ ఆర్గానిక్ ఆమ్లాల రకం. జపాన్ వాళ్ళు వాటర్ పంపు సీలు అరుగుతుందని సిలికేట్ వాడరు, ఫాస్ఫేట్ వాడతారు. యూరప్ వాళ్ళు కఠిన జలంతో కలిస్తే మడ్డి కడుతుందని ఫాస్ఫేట్ వద్దంటారు. కారు పుస్తకంలో ఏ రకం రాశారో అదే వెతకండి. సీసా వెనక జేఐఎస్ కె 2234 లేదా ఏఎస్‌టీఎమ్ డి 3306 అని ఉందేమో చూడండి. ఏ ప్రమాణమూ రాయని రంగు నీళ్ళు రోడ్డు పక్క చాలా అమ్ముతున్నారు.

పాత రకం పచ్చది రెండేళ్ళకి మార్చాలి. ఆర్గానిక్ రకం ఐదేళ్ళ దాకా వస్తుంది, రెండూ కలిపేస్తే ఆ ఐదేళ్ళ మాట మర్చిపోవాలి.

మారతహళ్ళి_మేడం · శనివారం రాత్రి 8:00

పిల్లోడుగారూ, నింపేటప్పుడు ఒక లెక్క తప్పుతుంది చాలామందికి. మీ సిస్టమ్ మొత్తం 4.6 లీటర్లు అనుకోండి. కింద మర విప్పితే వచ్చేది రెండున్నర లోపే, మిగతాది బ్లాకులోనే ఉండిపోతుంది. నీళ్ళతో ఫ్లష్ చేశాక ఆ మిగిలింది ఉత్త నీళ్ళు. దాని మీద రెడీ టు యూజ్ పోస్తే మందు పాతికశాతానికి పడిపోతుంది. అందుకే ఫ్లష్ చేశాక 2.3 లీటర్లు కాన్సన్‌ట్రేట్ ముందు పోసి, మిగతా జాగా డీఎం వాటర్‌తో నింపండి.

గాలి తీయడానికి మా బేస్‌మెంట్ ర్యాంపు భలే పనికొస్తుంది. బండి మూతి పైకి ఉండేట్టు ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాల కింద ఇటుకలు పెట్టి, చల్ల ఇంజన్ మీద మూత తీసి స్టార్ట్ చేయండి. హీటర్ ఫుల్లుగా పెట్టండి. పై హోస్ అప్పుడప్పుడు నొక్కుతుంటే బుడబుడమని బుడగలు వస్తాయి. మెడలో మట్టం పైకి లేవడం మొదలవగానే మూత బిగించేసి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచండి. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ మట్టం చూసుకోవాలి. వాచ్‌మన్‌కి ముందే చెప్పండి, లేకపోతే సెక్రటరీకి ఫోన్ వెళ్తుంది.

పలమనేరు_పిల్లోడు · ఆదివారం సాయంత్రం 6:15

కొత్త రేడియేటర్ పడింది. పాత కూలెంట్ రెండు కూల్‌డ్రింక్ సీసాల్లో పట్టి బాల్కనీలో పెట్టా. డ్రైనేజీలో పోసేయొచ్చా?

కెమిస్ట్రీ_టీచరమ్మ · ఆదివారం సాయంత్రం 6:19

బాబూ, ముందు లేచి ఆ సీసాలు తీసెయ్యండి. ఇప్పుడే. తర్వాత చదవండి.

గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. గులాబీ రంగు, కూల్‌డ్రింక్ సీసా, ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఒంట్లోకి వెళ్తే అది ఆక్సాలిక్ ఆమ్లంగా మారి, కాల్షియంతో కలిసి కిడ్నీల్లో స్ఫటికాలు కడుతుంది. కొద్దిగా తాగినా ప్రాణం మీదకి వస్తుంది. సెల్లార్లో పిల్లులూ, కుక్కలూ కింద ఒలికింది నాకినా అంతే. డ్రైన్‌లో వద్దు, వాన నీటి కాలవలో అసలే వద్దు. కూలెంట్ వచ్చిన క్యాన్‌లోనే తిరిగి పోసి, మూత బిగించి, పాత ఆయిల్ తీసుకునే వర్క్‌షాపులో ఇవ్వండి.

పలమనేరు_పిల్లోడు · ఆదివారం సాయంత్రం 6:41

తీసేశా మేడం. క్యాన్‌లో పోసి, పైన విషం అని తెలుగులో, కన్నడంలో రాసి, డిక్కీలో పెట్టి తాళం వేశా. చేతులు వణికాయి.

పలమనేరు_పిల్లోడు · తర్వాతి నెల, సోమవారం రాత్రి 10:05

నిన్న మళ్ళీ తిరుపతి పోయొచ్చాం, ఈసారి డాంగిల్ పెట్టుకుని. హైవే మీద 88, 90. తిరుమల రెండో ఘాట్ ఎక్కేటప్పుడు 97. వచ్చేటప్పుడు మొగిలి ఘాట్‌లో కావాలనే ఒక లారీ వెనకే పోయా, ఏసీ ఆపలేదు. 96కి ఫ్యాన్ తిరగడం, 91కి ఆగడం, ఎక్కువలో ఎక్కువ 99. మొన్న ఆగిన ఆ చెట్టు దగ్గర అమ్మ మళ్ళీ ఆపమంది, చెట్టుకి కాదు, పక్కన మామిడికాయల బండికి. ఈ పొద్దు చల్లగా ఉన్నప్పుడు మూత తీస్తే కూలెంట్ మెడ దాకా ఉంది, డబ్బాలో గీత మీదే ఉంది. క్యాన్ వర్క్‌షాపులో ఇచ్చేశా.

జేసీరోడ్డు_బావ · సోమవారం రాత్రి 10:30

మంచిదబ్బాయ్. ఆ పాత రేడియేటర్ పారెయ్యకు, అల్యూమినియం తూకానికి కొంటారు.

పలమనేరు_పిల్లోడు · సోమవారం రాత్రి 10:34

లేటైంది బావా. ఇంటావిడ పాత సామాన్లాయనకి వేసేసి ప్లాస్టిక్ బక్కెట్ తీసుకుంది. బక్కెట్ రంగు కూడా గులాబీనే.